ఆదివారం నాటి శంకర్ నాగ్

విజయవాడ, ఆదివారం.

ఈ రోజు చెప్పుకోదగిన విశేషం ఏదీ జరగలేదు. ఉదయం కాసేపు జవాబు పత్రాలు దిద్దాను. పది గంటలకే ఎండ ముదిరిపోవడంతో బీసెంటు రోడ్డు వరకు వెళ్ళాలన్న ఆలోచన మానుకొని, తలుపులు దగ్గరగా వేసి, కూలరు ముందు కూర్చొని 'మాల్గుడి డేస్' భాగాలను వరసగా చూశాను. భోజనానికి లేచిన సమయం తప్పిస్తే సాయంత్రం వరకు అదే పని. హైస్కూల్లో ఉన్నప్పుడు దూరదర్శన్‌లో ఈ ధారావాహికను చూస్తూ, హిందీ మాటలు సగమే అర్థమైనా స్వామి అనే పిల్లవాడి అవస్థ మొత్తం అర్థమయ్యేది. ఇప్పుడు చూస్తుంటే పిల్లవాడి మీదకన్నా, ఆ పిల్లవాడిని అంత స్వేచ్ఛగా వదిలిపెట్టిన దర్శకుడి మీదకే దృష్టి పోతోంది. ఆ దర్శకుడు శంకర్ నాగ్. అప్పటికి కన్నడ చిత్రసీమలో పోరాట చిత్రాల కథానాయకుడిగా ఆయనకు మంచి గిరాకీ ఉండేది. అటువంటి నటుడు ఆంగ్ల రచయిత ఆర్.కె. నారాయణ్ కథలను బుల్లితెర కోసం తీయడానికి పూనుకోవడమే నాకు ఈ రోజంతా ఆలోచించదగిన సంగతిగా తోచింది.

ఉత్తర కన్నడ జిల్లా హొన్నావర ప్రాంతంలో 1954లో పుట్టిన శంకర్, చదువు పూర్తయ్యాక ముంబయి చేరి మరాఠీ నాటకరంగంలో మునిగిపోయాడు. జీవిత సహచరి అరుంధతి కూడా ఆ నాటకాల ద్వారా పరిచయమైన నటీమణే. అన్న అనంత్ నాగ్ అప్పటికే శ్యామ్ బెనెగల్ 'అంకుర్'తో పేరు తెచ్చుకున్నాడు. మన పాఠకులకు ఆయనను 1978 నాటి తెలుగు చిత్రం 'అనుగ్రహం'లో వాణిశ్రీతో పాటు చూసిన జ్ఞాపకం ఉండవచ్చు. అదే ఏడాది గిరీశ్ కర్నాడ్ తన 'ఒందానొందు కాలదల్లి' చిత్రానికి శంకర్‌ను కథానాయకుడిగా తీసుకున్నాడు. కూలికి కత్తి పట్టే యోధుల కథ అది. జపాన్ దర్శకుడు కురొసావా తీసిన సమురాయ్ (జపాన్ యోధుల) చిత్రాల మీది అభిమానంతో కర్నాడ్ తీసిన ఆ సినిమాతో, తొలి ప్రయత్నంలోనే శంకర్‌కు భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటుడి పురస్కారం వచ్చింది. అంతటి ఆరంభం దొరికిన నటుడు ఆ తర్వాత వచ్చే వేషాలను ఏరి కోరి ఎంచుకుంటాడని ఎవరైనా అనుకుంటారు. శంకర్ అలా చేయలేదు. 1980లో వచ్చిన 'ఆటో రాజా' ఆయనను మాస్ హీరోను చేసింది. అభిమానులు 'కరాటే కింగ్' అని బిరుదు తగిలించారు. వరసగా పోరాట చిత్రాలు ఒప్పుకొని, ఏడాదికి అరడజనుకు తగ్గకుండా నటిస్తూ పోయాడు. వాటిలో చాలావాటిని ఇప్పుడు కూర్చొని చూడటం నా వల్ల కాలేదు. ఆ సంగతి దాచవలసిన అవసరం లేదు.

అయితే ఆ ఆదాయం ఎటు పోయిందన్నది చూస్తే మనిషి అర్థమవుతాడు. 1980లోనే 'మించిన ఓట'తో దర్శకుడయ్యాడు. కార్ల దొంగలు, జైలు, అక్కడి నుంచి పారిపోవడం ఆ కథావస్తువు. అన్న అనంత్ నాగ్ ముఖ్యపాత్రలలో ఒకటి వేశాడు. కర్ణాటక రాష్ట్ర పురస్కారాలు అనేకం ఆ చిత్రానికి దక్కాయి. 1981లో 'గీత', ఇళయరాజా సంగీతంతో. 1985లో 'ఆక్సిడెంట్', మత్తులో కారు నడిపి పేవ్‌మెంటు మీద నిద్రిస్తున్న పేదలను తొక్కించిన పెద్దింటి కొడుకు కథ. ఆ నేరాన్ని కప్పిపుచ్చడానికి రాజకీయ పలుకుబడి ఎలా పనిచేస్తుందో, విలేకరి దాన్ని ఎలా తవ్వుతాడో చెప్పిన ఆ చిత్రానికి సామాజిక సమస్యల విభాగంలో జాతీయ పురస్కారం వచ్చింది. ఆయన దర్శకత్వం వహించిన సినిమాలలో దేనికి మొదటి పీట అని అడిగితే నేను 'ఆక్సిడెంట్' పేరే చెబుతాను. పగలు ఫైటింగులు చేసి సంపాదించినవాడు ఇటువంటి కథను తలకెత్తుకోవడంలో లెక్క ఉన్నదని నా అభిప్రాయం. ఒక చేతి సంపాదన మరొక చేతికి పెట్టుబడి. ఆ రెండు చేతులూ ఒకదానినొకటి చిన్నచూపు చూడకపోవడమే ఆయనలో నాకు నచ్చిన గుణం.

మధ్యాహ్నం 'హీరో' అనే భాగాన్ని రెండోసారి చూశాను. కథ మనలో చాలామందికి తెలిసినదే. పులితో పోరాడిన ఒక పల్లెటూరి కుర్రవాడి వార్తను పత్రికలో చదివిన తండ్రి, ధైర్యముంటే చాలు వయసుతో పనిలేదని వాదిస్తాడు. కొడుకు ఒప్పుకోడు. అయితే ఈ రాత్రి ఆఫీసు గదిలో ఒంటరిగా పడుకొని నీ ధైర్యం చూపించమని తండ్రి పట్టుపడతాడు. ఎప్పుడూ బామ్మ పక్కనే ముడుచుకొని పడుకునే పిల్లవాడికి అంతకన్నా శిక్ష లేదు. ఆ రాత్రి భయంతో బల్ల కింద దూరి, చీకట్లో తన వైపు వస్తున్న ఆకారాన్ని దయ్యమనుకొని కాలు పట్టుకొని కొరికేస్తాడు. తీరా అది దొంగ కాలు. తెల్లవారేసరికి ఊరంతా వీడిని వీరుడంటుంది, వీడు మాత్రం మర్నాటి రాత్రి మళ్ళీ బామ్మ పక్కనే చేరతాడు. ఇందులో తండ్రి వేషం గిరీశ్ కర్నాడ్‌ది. గొంతు పెంచకుండా, కొట్టకుండా, కేవలం పత్రిక మీది నుంచి కళ్ళెత్తి చూసే చూపుతోనే ఆ తండ్రి ఇంటిని నడుపుతాడు. కర్నాడ్ ఆ పాత్రను కసాయి తండ్రిగా చేయలేదు. కొడుకు మేలు కోరుతున్నాననే నమ్మకంతోనే వాడిని హడలగొడుతున్న తండ్రిగా చేశాడు. ఎదురుగా స్వామిగా నిలబడిన మాస్టర్ మంజునాథ్‌కు అప్పటికి సుమారు పదేళ్ళు. ఆ పిల్లవాడు నటిస్తున్నట్టు ఎక్కడా కనిపించదు. మాట తట్టక నీళ్ళు నమలడం, నేల చూపులు, తప్పించుకునే దారి ఏదైనా దొరుకుతుందేమోనని అమ్మ వైపు తిరగడం, అన్నీ మన ఇళ్ళలో చూసినవే.

ఇక్కడే నాకు ఒక సంగతి తట్టింది. 1978లో కర్నాడ్ దర్శకుడు, శంకర్ ఆయన చెప్పినట్టు చేసిన కొత్త నటుడు. పదేళ్ళు తిరగకముందే శంకర్ దర్శకుడు, కర్నాడ్ ఆయన చెప్పిన చోట కూర్చొని పత్రిక చదివే నటుడు. అన్న అనంత్ నాగ్ సరేసరి. 'మాల్గుడి డేస్'లోని మిఠాయి వ్యాపారి కథలో విదేశీ చదువుకు వెళ్ళి వచ్చిన కొడుకు వేషం ఆయనే వేశాడు. 1987 నాటి 'ఒందు ముత్తిన కథె'లో కన్నడిగులు దేవుడిగా కొలిచే రాజ్‌కుమార్‌కే శంకర్ దర్శకత్వం వహించాడు. ఆ సినిమాను ప్రేక్షకులు ఆశించినంతగా ఆదరించలేదు, అది వేరే సంగతి. గురుస్థానంలో ఉన్నవారు, తోడబుట్టిన పెద్దవాడు, పరిశ్రమకే పెద్దదిక్కు అయిన నటుడు, ముగ్గురూ ముప్పై మూడేళ్ళు నిండని మనిషి కెమెరా ముందు నిలబడ్డారంటే, ఆయనకు కథ మీద ఉన్న పట్టును వారు నమ్మి ఉండాలి. కేవలం చనువుతో జరిగే పని కాదది.

దర్శకుడిగా శంకర్ నేర్పు బుల్లితెర కొలతలను గ్రహించడంలో ఉంది. ఒక్కో భాగానికి దొరికే వ్యవధి అరగంట లోపే. నారాయణ్ చిన్న కథలకు అది సరిగ్గా సరిపోయే కొలత. కథలో లేని మలుపులు చేర్చి సాగదీయలేదు, కథ అయిపోయిన చోట భాగాన్ని ఆపేశాడు. టి.ఎస్. నరసింహన్ నిర్మాణంలో మొదట 39 భాగాలు వచ్చాయి. కథలకు బొమ్మలు వేసిన ఆర్.కె. లక్ష్మణ్ గీతలే టైటిళ్ళలోనూ కనిపిస్తాయి. ఎల్. వైద్యనాథన్ కట్టిన ఆ శీర్షిక బాణీ ఇప్పటికీ మా తరం వారి నోట పలుకుతూనే ఉంటుంది. మాల్గుడి అనే ఊహలోని తమిళదేశపు ఊరికి షిమోగా జిల్లాలోని ఆగుంబెను ఎంచుకోవడం మాత్రం సాహసమనే చెప్పాలి. ఏడాదికి 7000 మిల్లీమీటర్లకు పైగా వాన పడే ఊరది. మన బెజవాడలో అందులో ఏడో వంతు పడితే మంచి ఏడాది అనుకుంటాము. అటువంటి చోట ఔట్‌డోర్ షూటింగు అంటే మేఘం ఎప్పుడు విడుస్తుందా అని యూనిట్ మొత్తం అరుగుల మీద కూర్చొని ఉండటమే. అయినా అక్కడి పెంకుటిళ్ళు, అరుగులు, మండువా ఇల్లు, కొండ అంచున మలుపు తిరిగే రోడ్డు ఆ కథలకు ఎంత అమరాయంటే, మాల్గుడి ఎక్కడ అని అడిగితే జనం ఇప్పుడు ఆగుంబె పేరే చెబుతున్నారు. రైలు స్టేషను దృశ్యాలు తీసిన అరసాళు స్టేషను కూడా ఆ పేరుతోనే ప్రసిద్ధికెక్కింది.

సాయంత్రం బాబాయి వచ్చారు. పరిషత్తు నాటికలలో తలపండిన మనిషి. రాబోయే పోటీలకు మా బృందం వేయబోయే నాటికకు దర్శకత్వం నన్నే చేయమని నెల రోజులుగా వెంటబడుతున్నారు. టీవీ వైపు చూసి, "ఏరా, మళ్ళీ ఆ కన్నడ అబ్బాయి సీరియలేనా?" అంటూ కూర్చున్నారు. కాఫీ వచ్చేలోపే అసలు విషయంలోకి దిగారు.

"డైరెక్షను నీదే, తండ్రి వేషమూ నీదేనని అందరికీ చెప్పేశాను. ఇక వెనక్కి తగ్గడానికి లేదు."

"రెండూ నా వల్ల కాదు బాబాయ్. వేషం ఇంకెవరికైనా ఇద్దాం."

"రామారావుగారు 'దానవీరశూర కర్ణ'లో మూడు వేషాలు వేసి, డైరెక్షను కూడా చేశారు. నీకు ఒక్క వేషానికే ఆయాసమా?"

నవ్వుకున్నాము గాని, బాబాయి మాటలో వాస్తవం ఉంది. మన దగ్గర నటుడు దర్శకుడైతే బరువైన పాత్ర తానే మోయడం ఆనవాయితీ. రామారావుగారు 1961లో 'సీతారామ కళ్యాణం'కు దర్శకత్వం చేసి తన పేరు వేసుకోలేదు గాని, రావణుడిగా తెర నిండా తానే ఉన్నారు. విజయనిర్మలగారు తెలుగులో తొలిసారి దర్శకత్వం చేసిన 'మీనా'లో మీనా కూడా ఆవిడే. ఆవిడే మన ఊరి పేరుతో 1983లో తీసిన 'బెజవాడ బెబ్బులి'లో కృష్ణ, శివాజీ గణేశన్‌లను ఒకే తెర మీదకు తెచ్చారు. 44 చిత్రాలతో, అత్యధిక చిత్రాలకు దర్శకత్వం వహించిన మహిళగా 2002లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కినది కూడా నరసరావుపేట మూలాలున్న ఆ విజయనిర్మలగారే కదా అని బాబాయి గుర్తుచేశారు. నేను కాదనలేదు. అన్ని సినిమాలు తీయడానికి ఎంతటి దిట్టతనం కావాలో ఊహించగలను. నా వాదన వేరు. తన ముఖాన్ని చూడటానికే జనం టిక్కెట్టు కొంటున్న రోజులలో, శంకర్ నాగ్ ఆ ధారావాహిక బరువును ఒక పిల్లవాడి మీద, బెంగళూరు రంగస్థల నటుల మీద పెట్టాడు. నటుడిగా ఆయనకు ఏం తెలుసో అది తోటి నటులకు చోటు ఇవ్వడంలో కనిపిస్తుంది. కెమెరా ముందు నిలబడ్డ మనిషికి ఎప్పుడు మాట సాయం కావాలో, ఎప్పుడు వదిలేయాలో, అక్కడ తాను నిలబడి ఉంటే తప్ప ఎవరికీ తెలియదు. బాబాయి అంతా విని, "నీ మాట సబబుగానే ఉంది, కానీ తండ్రి వేషానికి మనకు కర్నాడ్ ఎక్కడ దొరుకుతాడు?" అన్నారు. దానికి నా దగ్గర సమాధానం లేదు. గుంటూరు బృందంలో ఒక ఉపాధ్యాయుడి పేరు చెప్పాను. రేపు ఫోన్ చేసి అడుగుతామన్నారు.

బాబాయి వెళ్ళాక మిగిలిన భాగాలు చూడబుద్ధి కాలేదు. 1990 సెప్టెంబరు 30న 'జోకుమారస్వామి' చిత్రీకరణకు వెళుతూ, దావణగెరె దగ్గర అనగోడు వద్ద కారు ప్రమాదంలో శంకర్ మరణించాడు. వయసు 35. నటుడిగా మొదటి సినిమాకు, ఆ ప్రమాదానికి మధ్య ఉన్నది పన్నెండేళ్ళు. ఆ పన్నెండేళ్ళలోనే ఎనభై దాకా సినిమాలు, నాటక బృందం, బెంగళూరులో సంకేత్ పేరుతో ఒక రికార్డింగు స్టూడియో, దూరదర్శన్ ధారావాహిక. అప్పుడు ప్రమాదంలో తీవ్రంగా గాయపడిన అరుంధతి కోలుకొని, మళ్ళీ నాటకాలలోకి వచ్చి, 2004లో బెంగళూరు జె.పి. నగర్‌లో 'రంగ శంకర' అనే నాటకశాల తెరిచారు. 2006లో కవితా లంకేశ్ దర్శకత్వంలో 'మాల్గుడి డేస్' మరికొన్ని భాగాలు వచ్చాయి. వాటిని ఇంకా పూర్తిగా చూడలేదు కాబట్టి తీర్పు చెప్పను.

దసరా సెలవులకు అమ్మాయి దగ్గరకు బెంగళూరు వెళ్ళవలసి ఉంది. ఆ వారంలో రంగ శంకరలో ఏ నాటకం ఉందో చూసి టిక్కెట్లు తీసి ఉంచమని అమ్మాయికి రాత్రి సందేశం పెట్టాను. కన్నడమైనా ఫరవాలేదు, మరాఠీ అయినా ఫరవాలేదు అని కూడా రాశాను. ఇంటి నుంచి ఆటోలోనే వెళ్దామని, వెనకాల శంకర్ నాగ్ బొమ్మ ఉన్న ఆటోలు అక్కడ ఇప్పటికీ కొదవ లేవని జవాబు వచ్చింది.