ఇంబోల్క్ సంకల్పం: విక్కన్ తన మార్గానికి పేరు పెట్టుకునే వేళ

20వ శతాబ్దం మధ్యలో బ్రిటన్‌లో రూపుదిద్దుకున్న ప్రకృతి ఆరాధనా మతం విక్కా. దాన్ని పాటించే విక్కన్లు ఫిబ్రవరి 1 సాయంత్రం నుంచి 2వ తేదీ వరకు ఇంబోల్క్ జరుపుకుంటారు. డిసెంబరు అయనానికీ మార్చి విషువత్తుకూ నడిమధ్యన వచ్చే పండుగ ఇది. ఐర్లండ్‌లో గొర్రెలు ఈని పాలు దిగే కాలం. కమ్మరి కొలిమికీ కవిత్వానికీ వైద్యానికీ తల్లి అయిన బ్రిజిడ్ దేవతది ఈ రోజు. క్రైస్తవంలో సెయింట్ బ్రిజిడ్ దినమూ ఇదే. 2023 నుంచి ఐర్లండ్‌లో ఆమె పేరు మీద ప్రభుత్వ సెలవు ఇస్తున్నారు. ఇల్లంతా కొవ్వొత్తులు వెలిగిస్తారు, జమ్ముగడ్డితో నాలుగు చేతుల బ్రిజిడ్ శిలువ అల్లి గుమ్మానికి కడతారు. కొత్తగా ఈ దారిలోకి వచ్చేవాళ్లలో చాలామంది తమను తాము దేవతకు సమర్పించుకోవడానికి ఈ రాత్రినే ఎంచుకుంటారు. అప్పుడే ఎదురవుతుంది అసలు ప్రశ్న: దేవత ముందు నిలబడి నేను ఎవరినని చెప్పుకోవాలి?

అందరికీ తెలిసిన జవాబు ఒకటుంది. విక్కాను లోకానికి పరిచయం చేసిన ఆంగ్లేయుడు జెరాల్డ్ గార్డనర్ కోవెన్ (విక్కన్ల చిన్న ఆరాధనా బృందం) కోసం ఆయన శిష్యురాలు డోరీన్ వాలియంటే 1950లలో వచనంలో తీర్చిదిద్దిన ‘చార్జ్ ఆఫ్ ది గాడెస్’ అనే దేవి పలుకుల పాఠం చివర్లో దేవి ఒక మాట అంటుంది: నువ్వు వెతికేది నీలోపల దొరక్కపోతే బయట ఎక్కడా దొరకదు అని. దీన్ని పట్టుకుని “పేర్లెందుకు, పరంపరలెందుకు, అంతా లోపలే ఉంది” అనేవాళ్లు ఎక్కువ. కానీ అదే చార్జ్ మొదట్లో అదే దేవి, నెలకోసారి, వీలైతే నిండు పౌర్ణమికి, మీరంతా ఒకచోట చేరి నన్ను ఆరాధించండి అంటుంది. లోపలి వెతుకులాటా, నెల తప్పని ఆరాధనా ఒకే నోట వచ్చినవి. చేసే పనికి కట్టుబడిన పేరే నిలబడుతుందని ఈ రెండు వాక్యాలూ కలిపి చదివితే అర్థమవుతుంది.

చిక్కంతా ఎక్కడొస్తుందంటే, విక్కాలో వాడే పేర్లన్నీ ఒకే జాతివి కావు. కొన్ని పేర్లు దీక్ష ఇచ్చిన వారిని చెబుతాయి, కొన్ని ఆరాధించే దైవాన్ని, కొన్ని చేతులతో చేసే పనిని.

గార్డనేరియన్, అలెగ్జాండ్రియన్ అనేవి పరంపర పేర్లు. బ్రిటన్‌లో 1735 నాటి విచ్‌క్రాఫ్ట్ చట్టం 1951లో రద్దయ్యాక గార్డనర్ బహిరంగంగా మాట్లాడాడు, 1954లో పుస్తకం తెచ్చాడు. ఆయన కోవెన్ల నుంచి వచ్చినది గార్డనేరియన్. 1960లలో అలెక్స్, మాక్సీన్ సాండర్స్ దంపతుల నుంచి మొదలైనది అలెగ్జాండ్రియన్. ఈ పేర్లు ఎవరికి వారు పెట్టుకునేవి కావు. దీక్ష పొందినవారే దీక్ష ఇవ్వాలి. ఆనవాయితీగా స్త్రీ పురుషుడికీ, పురుషుడు స్త్రీకీ ఇస్తారు. మూడు అంతస్తులుంటాయి. పూజావిధులుండే ‘బుక్ ఆఫ్ షాడోస్’ను శిష్యులు తమ చేత్తో రాసుకుంటారు, లోపలి విషయాలు బయటపెట్టబోమని ప్రమాణం చేస్తారు. గురువుకు గురువెవరని పైకి అడుగుతూ పోతే వరస తెగకుండా మూలం దాకా చేరాలి. దీక్షకు డబ్బు తీసుకోకూడదన్నది వీళ్లలో గట్టి నియమం. కాబట్టి ఆన్‌లైన్ కోర్సు పెట్టి “గార్డనేరియన్ మొదటి అంతస్తు” ఇస్తామనేవారి దగ్గరికి వెళ్లనే వద్దు.

అందరికీ తలుపు తీసి ఉన్న సంప్రదాయాలూ ఉన్నాయి. గార్డనేరియన్ విక్కాను అమెరికాకు తీసుకెళ్లిన రేమండ్ బక్లాండ్ 1973లో సీక్స్-వికా మొదలుపెట్టి, ఒంటరిగా ఉన్నవారు తమను తామే సమర్పించుకోవచ్చని అందులోనే రాశాడు. స్కాట్ కన్నింగ్‌హామ్ 1988లో ఏకాంత సాధకుల కోసం రాసిన పుస్తకంతో ‘సోలిటరీ’ అనే పేరు ఇంటింటికీ చేరింది. నాలుగైదు చోట్ల నుంచి తీసుకుని కూర్చుకునేవారు ‘ఎక్లెక్టిక్’. డయానిక్ శాఖలు దేవిని మాత్రమే కొలుస్తాయి. వాటిలో కొన్ని స్త్రీలకే పరిమితం.

ఇక కిచెన్ విచ్, గ్రీన్ విచ్ (మొక్కలూ మూలికలతో పనిచేసేవారు) అనేవి పని పేర్లు; విచ్ అంటే మంత్రవిద్య సాధన చేసేవారు. వంటింట్లో పులుసు కలుపుతూ సంకల్పం చెప్పుకునే ఆమె విక్కన్ కానక్కర్లేదు, చర్చికి వెళ్లే ఆమె కూడా కావచ్చు. హెడ్జ్ విచ్ అంటే కొందరికి ఏకాంత సాధకురాలు, మరికొందరికి ధ్యానంలో ఆత్మలోకాలకు వెళ్లి వచ్చేది; ఈ పేరు వింటే ఏ అర్థంలో అంటున్నారో అడిగి తెలుసుకోండి. ప్రతి విచ్ విక్కన్ కాదు. “ఎవరికీ కీడు లేకుంటే నీ సంకల్పం నెరవేర్చుకో” అనే నీతి సూత్రం, విక్కన్ రీడ్, విక్కన్లను కట్టిపడేస్తుందే తప్ప మిగతా విచ్‌లు దాన్ని ఒప్పుకోవాలనేమీ లేదు.

ఇవి తెలిశాక ఇంబోల్క్ రాత్రి చేసే సమర్పణ తేలిక. ఏ గురువూ లేకుండా ఒక్కరే చేసుకునే పద్ధతి ఇది. ముందుగా నీళ్లలో గుప్పెడు ఉప్పు వేసుకుని స్నానం చేయండి. వేదిక మీద తెల్ల కొవ్వొత్తి ఒకటి, ధూపం, నీళ్ల గిన్నె, ఉప్పు, చిన్న సీసాలో నూనె, కప్పులో పాలు, రొట్టెముక్క ఉంటే చాలు. నూనె కోసం 10 మిల్లీలీటర్ల నువ్వుల నూనెలో లావెండర్ తైలం రెండు చుక్కలు కలపండి. దాల్చినచెక్క, లవంగ తైలాలు మాత్రం వద్దు; ఒంటికి రాస్తే చర్మం కమిలిపోతుంది. నీళ్లలో మూడు చిటికెల ఉప్పు వేసి కలిపి, ఆ నీళ్లు చల్లుతూ తూర్పు నుంచి సవ్యదిశలో వలయం గీయండి. పాత కొలత తొమ్మిది అడుగుల వ్యాసం. అపార్ట్‌మెంట్ గదిలో ఆరడుగులున్నా సరిపోతుంది గానీ, తిరిగేటప్పుడు కొంగో చున్నీయో కొవ్వొత్తికి తగలనంత చోటు ఉండాలి. తూర్పున వాయువును, దక్షిణాన అగ్నిని, పడమట జలాన్ని, ఉత్తరాన భూమిని పిలిచి, బ్రిజిడ్‌నో మీరు కొలిచే దేవీదేవులనో ఆహ్వానించండి.

మెల్‌బోర్న్, సిడ్నీల్లో ఉన్న మన తెలుగువాళ్లకు ఇక్కడ ఒక సవరణ ఉంది. దక్షిణార్ధగోళంలో ఇంబోల్క్ ఆగస్టు 1న వస్తుంది. అక్కడ సూర్యుడు ఉత్తరాకాశం మీదుగా వెళ్తాడు కాబట్టి చాలామంది అగ్నిని ఉత్తరానికి మార్చి, వలయాన్ని ఎడమవైపుగా గీస్తారు. అమెరికా పుస్తకం చూసి ఫిబ్రవరి ఎండల్లో చలికాలపు పండుగ చేస్తే ఋతుచక్రానికీ పూజకూ లంకె తెగిపోతుంది.

తర్వాత నూనెతో పాదాలు, మోకాళ్లు, పొత్తికడుపు, రొమ్ము, పెదవులు తాకుతూ వాటిని దీవించమని అడగండి. అప్పుడు మాట ఇవ్వాలి. ఆ మాట ఇలా ఉంటే మంచిది: “ఈ ఇంబోల్క్ నుంచి ఒక ఏడాది ఒక రోజు పాటు, ప్రతి పౌర్ణమికీ దీపం పెట్టి, విక్కన్ ఏడాదిలోని ఎనిమిది పండుగలూ ఆచరించి, విక్కా నేర్చుకుంటాను. తెలిసి ఎవరికీ కీడు చేయను.” ఇందులో గడువుంది, లెక్కపెట్టగలిగే పని ఉంది, ‘నేర్చుకుంటాను’ అన్న వినయం ఉంది. “జన్మంతా నీ పూజారిణిని” అని ఆవేశంలో అన్నవాళ్లు మూడో నెలకే పౌర్ణమి తప్పి, మాట తప్పానన్న భయంతో మొత్తానికే మానేస్తారు. “హై ప్రీస్టెస్” అనే బిరుదు తగిలించుకోవడం ఇంకో పొరపాటు. ఒక కోవెన్‌కు బాధ్యత వహించేవారి పేరు అది. ఒంటరిగా చేసుకున్న సమర్పణ దేవతకూ మీకూ మధ్య పూర్తిగా చెల్లుతుంది, అందులో తక్కువేమీ లేదు. ఒక పరంపరలోకి చేర్చుకోవడం మాత్రం ఆ పరంపర వారి చేతిలోని పని.

పాలు, రొట్టె నివేదించి కొంత తీసుకోండి. ఆ తర్వాత పిలిచిన వారందరికీ సెలవు చెప్పడం మరచిపోవద్దు. వ్రతం ముగిశాక మన ఇళ్లలో “యథాస్థానం ప్రవేశయామి” అని ఉద్వాసన చెప్పినట్టే ఇక్కడా నాలుగు దిక్కులకూ కృతజ్ఞత చెప్పి, వలయాన్ని తిరుగుదిశలో విప్పాలి. మిగిలిన ఉప్పునీళ్లు తులసికోటలోనో పూలకుండీలోనో పోయకండి, మొక్క మాడిపోతుంది. సింకులో పోయండి. బొగ్గు బిళ్ల మీద ధూపం వేస్తే కిటికీ తీసి ఉంచండి, మూసిన గదిలో దాని పొగ ప్రమాదం. విదేశాల్లో అయితే స్మోక్ అలారం కూడా మోగుతుంది.

ఆ ఏడాదంతా ఒక నోట్‌బుక్ నడపండి. తేదీ, చంద్రకళ, చేసిన పని, వాడిన సామగ్రి, మనసు ఎలా ఉంది, ఏం జరిగింది: ఆరు వరసలు చాలు. 12 లేదా 13 పౌర్ణములు, ఎనిమిది పండుగలు గడిచాక మొదటి నుంచి చదవండి. మూలికలూ మట్టీ పేజీల నిండా ఉండి, వలయం గీసిన రాత్రులు రెండే ఉంటే, మీరు విక్కన్ కన్నా గ్రీన్ విచ్‌కు దగ్గర. ప్రతి పండుగా క్రమం తప్పక చేసి, ఆ క్రమమే మీకు ప్రాణమనిపిస్తే ఒక కోవెన్‌ను వెతుక్కోవాల్సిన సమయం వచ్చింది. బ్రిజిడ్ ఒక్కరే ప్రతి పేజీలో కనిపిస్తే ఆమె భక్తులు అన్నదే మీకు అన్నిటికన్నా నిజమైన పేరు.

బయటి లోకానికి చెప్పే పేరు వేరు. ఇంగ్లండ్, వేల్స్‌ల 2021 జనగణనలో సుమారు 74,000 మంది ‘పేగన్’ (పాత దేవతలనూ ప్రకృతినీ కొలిచే మతాలన్నిటికీ ఉమ్మడి పేరు) అనీ, 13,000 మంది ‘విక్కా’ అనీ రాశారు. విక్కన్లలోనూ పెద్ద గొడుగు కింద పేరు రాసుకునేవారు ఎందరో ఉంటారు. అమెరికాలో మాత్రం కచ్చితమైన పేరుకు చట్టంలో విలువ వచ్చింది. 1986లో ఒక ఫెడరల్ అప్పీలు కోర్టు విక్కాను మతంగా గుర్తించింది. 2007 నుంచి మాజీ సైనికుల సమాధి రాళ్ల మీద విక్కన్ల గుర్తైన పెంటకిల్ (వలయంలో ఐదు కొనల నక్షత్రం) చెక్కడానికి ప్రభుత్వం ఒప్పుకుంది. ఒక సైనికుడి కుటుంబానికి ఆ గుర్తు ఎంత ఊరటో వేరే చెప్పక్కర్లేదు.

మన దగ్గర జాగ్రత్త అవసరం. కోల్‌కతాలో ఇప్సితా రాయ్ చక్రవర్తి 1980లలోనే తాను విచ్‌నని బహిరంగంగా చెప్పుకున్నారు. నగరంలో పేరున్న మనిషికి సాధ్యమైనది ఊళ్లో ఒంటరి స్త్రీకి సాధ్యం కాదు. చేతబడి, బాణామతి అనుమానంతో తెలంగాణ, ఆంధ్ర పల్లెల్లో మనుషుల్ని కొట్టి చంపిన ఘటనలు ఉన్నాయి. ‘మంత్రగత్తెను’ అని సరదాగా ప్రొఫైల్‌లో రాసుకునేటప్పుడు మీ పక్కింట్లో, మీ అమ్మగారి ఊళ్లో ఆ మాట ఎలా వినిపిస్తుందో ఆలోచించండి. దేవత ముందు పలికిన పేరును నలుగురికీ చాటాలన్న నియమం విక్కాలో ఎక్కడా లేదు.

ఫిబ్రవరి 1న ఇచ్చిన మాట మరుసటి ఏడు ఫిబ్రవరి 2తో తీరుతుంది. ఆ రోజు మళ్లీ వలయం గీసి, నోట్‌బుక్‌ను వేదిక మీద పెట్టి, చేసినవీ తప్పినవీ పైకి చదవండి. కొనసాగాలనిపిస్తే ఆ ఏడాదిలో తేలిన పేరుతో కొత్త సంకల్పం చెప్పండి. ఇది నా దారి కాదనిపిస్తే దేవతకు కృతజ్ఞత చెప్పి, “ఇచ్చిన మాట ఇంతటితో తీరింది” అని, ఆ సంకల్పాన్ని ఒక కాగితం మీద రాసి స్టీలు గిన్నెలో కాల్చి సెలవు తీసుకోండి. నోట్‌బుక్ మాత్రం దాచుకోండి. రేపు ఏ గురువు దగ్గరికి వెళ్లినా, ఇన్నాళ్లూ ఏం చేశావని అడిగితే చూపడానికి ఉంటుంది.