వజ్రకరూరు చేలల్లో ఒక పూట

తొలకరి పడిందంటే మా అనంతపురం, కర్నూలు వైపు కొన్ని చేలల్లో విత్తనం కంటే ముందు మనుషులు దిగుతారు, వజ్రాలు వెతకడానికి. మా బావకు ఆ పిచ్చి చిన్నప్పటినుంచీ ఉంది. నాకేమో వజ్రం కంటే అది పైకొచ్చిన దారి చూడాలని. జూన్‌లో ఒక ఆదివారం ఇద్దరం బండి మీద బయల్దేరాం. ఉరవకొండలో ఉగ్గాని, బజ్జీ తిని వజ్రకరూరు చేరేసరికి ఎండెక్కింది, ముందురోజు వానకు నేల ఇంకా తడిగానే ఉంది. పది అడుగులు వేశానో లేదో చెప్పు బురదలో కూరుకుపోయి వారు తెగింది. ఆ పూటంతా ఒంటి చెప్పే.

చేలో వంగి వెతుకుతున్న ఒక పెద్దామె తలెత్తి, "ఏమప్పా, చూసేదానికొచ్చినారా, వెతికేదానికా?" అంది. బావ వెతికేదానికన్నాడు, నేను చూసేదానికన్నాను. ఆమె నవ్వి మళ్లీ వంగింది.

నేను చూడాలనుకున్నది కింబర్‌లైట్. సుమారు 110 కోట్ల ఏళ్ల కిందట 150 కిలోమీటర్లకు పైగా లోతు నుంచి, గట్టి పైపెంకును చీల్చుకుని వజ్రాల్ని మోసుకుని ఒక్క ఊపున తన్నుకొచ్చిన శిల. ఆ ఊపే ముఖ్యం, వజ్రం తాపీగా పైకొస్తే ఆ వేడికి దారిలోనే గ్రాఫైట్ అయిపోతుంది, అంటే పెన్సిల్ ముల్లు. గట్టు పక్కన అలాంటి ముక్క ఒకటి దొరికింది. నల్లపచ్చగా, అంచులు మెత్తబడి, గోటితో గీస్తే పొడి రాలుతోంది. మధ్యలో దానిమ్మ గింజంత ఎర్రటి చుక్క, గార్నెట్. గార్నెట్ అనే పేరు దానిమ్మ నుంచే వచ్చిందని చదివాను కానీ, చేతిలో పెట్టుకుంటే గానీ ఎందుకో అర్థం కాలేదు.

బళ్లో భూమి అంటే కోసిన కోడిగుడ్డు బొమ్మ వేయించేవారు. ఎవరు చూసొచ్చి చెప్పారో అని అప్పుడే అనుమానం. నిజానికి భూమి కేంద్రం 6,371 కిలోమీటర్ల లోతున ఉంటే, రష్యాలో కోలా దగ్గర మనిషి తవ్విన బోరు 12 కిలోమీటర్ల పైచిలుకే. మిగతాదంతా చాలావరకు భూకంపాలు చెప్పిందే. భూకంప తరంగాల్లో ఒక రకం ద్రవంలోంచి పోలేదు, అవి అవతలి వైపు అందకపోవడం వల్లే లోపల ద్రవం ఉందని పట్టుకున్నారు. లోపలి సరుకే నేరుగా చేతికందేది మాత్రం ఇదిగో, ఇలాంటి రాళ్లలోనే.

"మనకు భూకంపాలు రావులే, హిమాలయాలు దూరం" అన్నాడు బావ. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. భారత ఫలకం, అంటే మన దేశాన్ని మోస్తున్న భూమి పైపెంకు ముక్క, ఏటా 5 సెంటీమీటర్ల దాకా ఉత్తరానికి జరిగి అక్కడ గుద్దుకుంటోంది, నిజమే, పెద్దవి అక్కడే వస్తాయి. కానీ ఆ ఒత్తిడి ఫలకం నడిమధ్యకూ పాకుతుంది, లోపల పాత బీటలుంటే ఎప్పుడో ఒకప్పుడు జారతాయి. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని కిల్లారిలో జరిగింది అదే, రాళ్లూ మట్టీ కలిపి కట్టిన మిద్దెలు నిద్రలో ఉన్నవాళ్ల మీద కూలి దాదాపు పదివేల మంది పోయారు. మా ఊళ్లో పాత మిద్దెలూ అలాంటివే కదా అంటే బావ ఏమీ మాట్లాడలేదు.

సాయంత్రానికి జేబులోంచి మూడు మెరిసే రాళ్లు తీసి పెద్దామెకు చూపించాడు. ఆమె ఒకదాన్ని వెలుతురుకి పెట్టి చూసి, "పలుగురాళ్లప్పా" అని తిరిగిచ్చేసింది. బావ ఇంకా పారేయలేదు.