షిల్లింగు అద్దె పార్కు ఉన్న ఊళ్లో

కెనడాలోని హాలిఫాక్స్ వచ్చిన మర్నాడే అల్లుడు మమ్మల్ని సముద్రం చూపించడానికి తీసుకెళ్తాడనుకున్నాం. "సముద్రం మీకు వైజాగ్‌లో రోజూ ఉండేదే కదా మావయ్యగారూ, ముందు కామన్‌కి వెళ్దాం పదండి" అన్నాడు. కామన్ అంటే ఊరి నడిబొడ్డున ఉన్న మైదానం. 1763లో బ్రిటిష్ ప్రభుత్వం 235 ఎకరాలు ఊరి జనం వాడుకోవడానికని రాసిచ్చింది. తర్వాత ఆస్పత్రులు, బడులు, రోడ్లు వచ్చి అందులో చాలావరకు మింగేశాయి. మిగిలిన నేల మీదే ఆ సాయంత్రం ఒకవైపు బేస్‌బాల్, ఇంకోవైపు ఫుట్‌బాల్, చెట్ల కింద పిల్లల్ని ఆడించుకునే తల్లులు. ఓ మూల నుంచి "అన్నా, సింగిల్ తియ్ అన్నా!" అన్న కేక వినబడేసరికి మా ఆవిడ టక్కున ఆగిపోయింది. చదువుకోవడానికి వచ్చిన మన కుర్రాళ్లు. ఒకడిది నరసరావుపేట అట, ఇంకొకడిది కరీంనగర్. ఇంటర్లో ఏ గ్రౌండ్‌లో ఆడేవారో చెప్తుండగానే వికెట్ పడింది, పరుగెత్తారు.

నోవా స్కోషియా రాష్ట్రానికి రాజధాని ఇది. 2021 లెక్కల్లో జనాభా సుమారు 4.4 లక్షలు, అదీ చుట్టుపక్కల పల్లెలన్నీ కలుపుకుని. కెనడా తూర్పు తీరాన నౌకాదళం, రేవు, కొండ, కొండ కింద ఊరు. మా వైజాగ్‌నే ఎవరో చలిదేశంలో పెట్టి, జనాన్ని నాలుగో వంతుకు తగ్గించినట్టుంది. ఎండాకాలం అయిపోయి సెప్టెంబరు చివరికి వచ్చాం. పగలు స్వెట్టర్ చాలు, సాయంత్రం దాని మీద ఇంకోటి కావాలి.

కామన్‌లోనే ఓవల్ అని గుడ్డు ఆకారంలో పెద్ద ట్రాక్ ఉంది. 2011లో కెనడా వింటర్ గేమ్స్ ఇక్కడ జరిగినప్పుడు స్పీడ్ స్కేటింగ్ కోసం తాత్కాలికంగా వేశారట. పోటీలయ్యాక తీసేద్దామంటే జనం ఒప్పుకోలేదు, మాకు కావాలని పట్టుబట్టారు. దాంతో శాశ్వతం చేసేశారు. శీతాకాలం ఐస్, మిగతా రోజుల్లో చక్రాల స్కేట్లు, సైకిళ్లు. నాకు నచ్చింది ఏమిటంటే, ఫొటో ఉన్న గుర్తింపు కార్డు ఒకటి చూపిస్తే స్కేట్లు, హెల్మెట్ ఉచితంగా ఇస్తారు. డిపాజిట్ లేదు, మెంబర్‌షిప్ లేదు. ఆట మీద ఇష్టం ఉండీ సామాను కొనలేక ఆగిపోయిన పిల్లల్ని మన దగ్గర ఎంతమందిని చూడలేదు! ఇక్కడ అప్పుడే కెనడాలో దిగిన కుటుంబం కూడా, బూట్లకు డబ్బు పెట్టకుండా స్కేటింగ్ నేర్చుకోవచ్చు. నేను సైకిల్ తీసుకుని కాసేపు తిరిగాను. మా ఆవిడ బెంచీ మీద కూర్చుని, చక్రాల స్కేట్ల మీద వెళ్తున్న ఎనభై ఏళ్ల ముసలాయన్ని చూసి "ఆయన్ని చూడండి, మీరూ ఉన్నారు" అంది.

కామన్ అంచున కొండ మీద సిటడెల్ కోట. నక్షత్రం ఆకారంలో కట్టిన రాతికోట. మధ్యాహ్నం పన్నెండింటికి అక్కడ ఫిరంగి పేలుస్తారు, క్రిస్మస్ ఒక్కరోజే సెలవు. ఊళ్లో వాళ్లెవరూ తలెత్తి చూడరు, మనలాంటివాళ్లమే ఉలిక్కిపడతాం. కోట కింద వాండరర్స్ గ్రౌండ్స్. 2019లో కెనడియన్ ప్రీమియర్ లీగ్ ఫుట్‌బాల్ మొదలైనప్పుడు బరిలో దిగిన ఏడు జట్లలో హాలిఫాక్స్ వాండరర్స్ ఒకటి. స్టేడియం అంటే కాంక్రీటు గోడలేమీ లేవు, గొట్టాలతో బిగించిన మెట్ల వరసలు. బయట రోడ్డు మీద నడిచేవాళ్లకు కూడా లోపలి అరుపులు వినిపిస్తాయి. మేం వెళ్లిన మ్యాచ్ చప్పగానే సాగింది. గోల్ వెనక నిలబడి డప్పులు కొట్టేవాళ్లు మాత్రం తొంభై నిమిషాలూ కూర్చోలేదు. పాస్ తప్పిపోయినా చప్పట్లే. మా వరసలో ఒకావిడ అల్లికసూదులు, ఊలు తెచ్చుకుని ఆటగాళ్లను తిడుతూనే మఫ్లర్ అల్లుతోంది. ఆవిడ చేతులు ఆగింది ఒక్కసారే, పెనాల్టీ అప్పుడు.

సముద్రం వంతు ఆ తర్వాత వచ్చింది, అదీ ఫెర్రీ మీద. హాలిఫాక్స్‌కి ఎదురుగా రేవుకు అవతలి ఒడ్డున డార్ట్‌మౌత్ ఉంది. రెండింటి మధ్య పడవలు 1752 నుంచి నడుస్తున్నాయి. బస్సు టిక్కెట్టే పడవకూ పనికొస్తుంది, దాటడానికి పావుగంట కూడా పట్టదు. పై డెక్ మీద గాలి కొడుతుంటే నౌకాదళం ఓడలు, రెండు వంతెనలు, రేవు మధ్యలో చిన్న దీవి, దాని మీద లైట్‌హౌస్ అన్నీ ఒకే చూపులో కనిపిస్తాయి. డబ్బు పోసి హార్బర్ టూర్లు తీసుకునేవాళ్లకు ఎవరైనా ఈ సంగతి చెప్తే బాగుండు. మా పక్కన సీట్లలో ఆఫీసుల నుంచి ఇంటికి పోయేవాళ్లు ఫోన్లు చూసుకుంటున్నారు.

డార్ట్‌మౌత్‌లో దిగి, పాత కాలువ వెంబడి నడుస్తూ బానుక్ సరస్సుకు వెళ్లాం. ఆ కాలువ కథ విచిత్రం. హాలిఫాక్స్ రేవును అవతల ఫండీ అఖాతంతో కలపాలని మధ్యలోని సరస్సులను గొలుసుగా కలుపుతూ తవ్వి 1861 నాటికి పూర్తి చేశారు. తీరా రైలు వచ్చేసి, పదేళ్లలోపే మూతపడింది. కానీ ఆ నీటి శక్తితో ఇక్కడే స్టార్ అనే కంపెనీ ఐస్ స్కేట్లు తయారుచేసింది. తాళ్లు, మేకులు అక్కర్లేకుండా ఒక మీట నొక్కితే బూటుకు బిగుసుకునే స్కేట్లు. అవి దేశదేశాలకు ఎగుమతయ్యాయి.

బానుక్ మీద ఆ సాయంత్రం చూసింది నేను ఇప్పటికీ మా కాలనీలో అందరికీ చెప్తుంటాను. ఒడ్డున వరసగా కెనూ క్లబ్బులు. వాటిలో ఒకటి 1903 నాటిది. బడి వదలగానే పిల్లలు సంచులు అక్కడే పడేసి పడవలు భుజాన వేసుకుని దిగిపోతున్నారు. పదమూడు, పద్నాలుగేళ్ల అమ్మాయి ఒకతె అరటిదొప్ప వెడల్పు ఉన్న పడవలో ఒక మోకాలి మీద నిలబడింది. రెండో కాలు ముందుకు చాపి పాదం ఆనించింది. తెడ్డు ఒక పక్కే వేయాలి. రెండు పక్కలా వేసేది కయాక్, ఇది కెనూ. ఒక పక్కే తోస్తే పడవ గుండ్రంగా తిరిగిపోవాలి కదా? తెడ్డు నీళ్లలోంచి తీసే ముందు మణికట్టు చిన్నగా తిప్పుతోంది, పడవ సూటిగా పోతోంది. పది గజాలు పోయి నీళ్లలో పడింది. లేచి పడవ ఒడ్డుకు లాక్కొచ్చి, నీళ్లు ఒంపి, మళ్లీ ఎక్కింది. మళ్లీ పడింది. కోచ్ గట్టు మీద కాఫీ తాగుతున్నాడు, చేయి కూడా అందించలేదు. వెనకాలే పదిహేను మంది ఎక్కే వార్ కెనూ ఒకటి, అందరి తెడ్లూ ఒకేసారి నీళ్లలోకి "దబ్" మని దిగుతుంటే, గోదావరి మీద పడవ పందేలు తెలిసిన మా ఆవిడకు కూడా నోట మాట రాలేదు. ఆవిడది కోనసీమ లెండి, మామూలుగా పడవల సంగతి ఎవరు చెప్పినా ఒప్పుకోదు. ఈ సరస్సు మీదే 1997, 2009, 2022లో కెనూ స్ప్రింట్ ప్రపంచ పోటీలు జరిగాయి. అలాంటి నీళ్లలో పక్కింటి పిల్లలు రోజూ పడి లేస్తున్నారు.

ఇక తిండి. లాబ్‌స్టర్ తినకుండా ఈ ఊరి నుంచి వెళ్లనివ్వరు. మనవైపు సముద్రంలో దొరికేదానికి పెద్ద డెక్కలుండవు, మీసాలూ ముళ్లూనే. ఇక్కడిదానికి రెండు డెక్కలు, రెండూ ఒకలా ఉండవు. ఒకటి లావుగా, గుల్లల్ని నలగ్గొట్టడానికి. ఇంకోటి సన్నగా, కోయడానికి. ప్లాస్టిక్ ఏప్రాన్ మెడకు కట్టి, పటకారు, సన్న ముల్లు చేతికిచ్చి, ఎర్రగా ఉడికినదాన్ని పళ్లెంలో పెట్టారు. పక్కన కరిగించిన వెన్న. అంతే. మసాలా లేదు, నిమ్మచెక్క ఒకటి. పీతలు తిని పెరిగినవాళ్లకు పగలగొట్టడం కొత్త కాదు. డెక్కలోని కండ తియ్యగా, మెత్తగా ఉంది. తోక కొంచెం సాగింది. బాగుందా అంటే బాగుంది, కానీ ఆ బిల్లుకు మా ఊళ్లో పెళ్లివారికి రొయ్యల వేపుడు పెట్టొచ్చు. పైగా ఈ తీరంలో వేట నవంబరు ఆఖరి నుంచి మే ఆఖరి దాకానే, సెప్టెంబరులో దొరికేవి తొట్లలో దాచినవో వేరే తీరాల నుంచి తెచ్చినవో అని అల్లుడు తిన్నాక చెప్పాడు. నన్నడిగితే మామూలు జనం తినే హాడక్ ఫిష్ అండ్ చిప్సే మేలు. కాగితంలో చుట్టి ఇచ్చింది పట్టుకుని వాటర్‌ఫ్రంట్ చెక్కబాట మీద కూర్చుంటే సీగల్ పక్షులు మన వాటా అడుగుతాయి. అక్కడ ఎవరైనా ఎక్కి పడుకోమని ఉయ్యాలలు కట్టారు, వాటికీ టిక్కెట్టు లేదు.

పాయింట్ ప్లెజెంట్ పార్కు గురించి చెప్పకపోతే మా అల్లుడు ఊరుకోడు. ఊరి దక్షిణపు కొసన 75 హెక్టార్ల అడవి, మూడు వైపులా నీళ్లు. అప్పట్లో స్థలం బ్రిటిష్ ప్రభుత్వానిది. 1866లో 999 ఏళ్లకు లీజుకిచ్చారు, అద్దె ఏడాదికి ఒక షిల్లింగు. 2003 సెప్టెంబరులో హువాన్ తుపాను ఒక్క రాత్రిలో పార్కులోని చెట్లలో ఎక్కువ భాగాన్ని పడగొట్టింది. హుద్‌హుద్ మర్నాడు కైలాసగిరిని చూసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ఇప్పుడు మళ్లీ లేచిన చెట్లన్నీ దాదాపు ఒకే ఎత్తున ఉన్నాయి, మధ్యమధ్యలో మాత్రం తట్టుకున్న పాత చెట్టు ఒకటీ అరా. కంటెయినర్ రేవు క్రేన్లు చెట్ల సందుల్లోంచి కనిపిస్తాయి. పొద్దున్నే పరుగెత్తేవాళ్లు, తాడు లేకుండా తిరిగే కుక్కలు. కుక్కలంటే నాకు కొంచెం టెన్షన్, కానీ అవి మనిషిని పట్టించుకోకుండా ఒకదాన్నొకటి తరుముకుంటున్నాయి.

సముద్రపు ఒడ్డున ఉన్న పెగ్గీస్ కోవ్ అనే పల్లెకు కూడా వెళ్లాం, లైట్‌హౌస్ ముందు అందరూ దిగే ఫొటో మేమూ దిగాం. నున్నటి గ్రానైట్ బండలు బాగుంటాయి. నల్లగా తడిసిన బండల మీదికి వెళ్లొద్దని బోర్డులున్నాయి, అల వచ్చి లాక్కుపోతుంది. బోర్డు పక్కనుంచే నడిచి ఆ బండలెక్కి సెల్ఫీలు తీసుకునేవాళ్లు అక్కడా ఉన్నారు. బస్సులు నాలుగైదు దిగేసరికి మేం బయల్దేరిపోయాం.

వచ్చేముందు రాత్రి ఐస్ హాకీ. మూస్‌హెడ్స్ అని ఊరి జూనియర్ జట్టు, పదహారు నుంచి ఇరవై ఏళ్ల కుర్రాళ్లు. ఈ జట్టు 2013లో జూనియర్ హాకీలో పెద్దదైన మెమోరియల్ కప్ గెలిచినప్పుడు ఆడిన నేథన్ మెకినన్‌ది ఇక్కడికి దగ్గర్లోని కోల్ హార్బర్. సిడ్నీ క్రాస్బీదీ అదే ఊరు. ఇద్దరూ ఎన్‌హెచ్‌ఎల్ అనే పెద్ద హాకీ లీగ్ జట్లు కొత్త కుర్రాళ్లను ఎంచుకునే డ్రాఫ్టులో నంబర్ వన్‌గా ఎంపికైనవాళ్లే, ఒకరు 2005లో, ఇంకొకరు 2013లో. క్రాస్బీ చిన్నప్పుడు ఇంటి బేస్‌మెంట్లో బట్టలారబెట్టే మెషీన్‌కు గురిపెట్టి పక్ (ఆటలో బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల) కొట్టేవాడట. సొట్టలు పడ్డ ఆ మెషీన్‌ను ఇక్కడి క్రీడా మ్యూజియం అపురూపంగా దాచుకుంది. మ్యాచ్‌లో నాకు రూల్స్ సగమే అర్థమయ్యాయి. గాజు గోడకు మనిషి గుద్దుకున్నప్పుడు వచ్చే చప్పుడు టీవీలో ఎప్పుడూ వినపడలేదు. మా సీట్లదాకా కదిలింది. ఇద్దరు కుర్రాళ్లు గ్లవ్స్ విసిరేసి తన్నుకుంటే మా ఆవిడ "వాళ్ల అమ్మలు చూస్తున్నారో లేదో" అంటూ చుట్టూ చూసింది. రిఫరీ కాసేపు ఊరుకుని, తర్వాత విడదీశాడు.

ఆట వదిలాక ఆకలి. హాలిఫాక్స్ అధికారిక వంటకం డొనైర్, 2015లో నగరపాలక సంస్థే తీర్మానం చేసింది. రొట్టెలో చుట్టిన బీఫ్ మాంసం, ఉల్లి, టమాటా, పైన తియ్యటి సాస్. మా ఇంట్లో బీఫ్ తినం, అందుకని మా అమ్మాయి గార్లిక్ ఫింగర్స్ చెప్పింది. పిజ్జా రొట్టె మీద వెల్లుల్లి వెన్న, చీజ్ వేసి కాల్చి, ముక్కోణాలుగా కాకుండా పొడుగు పట్టీలుగా కోస్తారు. ముంచుకోవడానికి అదే డొనైర్ సాస్. పాలు, చక్కెర, వెనిగర్, వెల్లుల్లి పొడి. వినడానికే వింతగా ఉంది కదా, మొదటి ముక్కకు నేనూ మొహం చిట్లించాను. మూడో ముక్కకు గిన్నె నా వైపు లాక్కున్నాను.

మా ఆవిడ ఆ సాస్ ఎలా చేస్తారో అమ్మాయి చేత కాగితం మీద రాయించుకుంది. వైజాగ్ వచ్చాక మిల్క్‌మెయిడ్ డబ్బాతో చేసింది, అందులో తీపి ఎలాగూ ఉంటుంది కాబట్టి చక్కెర మానేసింది. వెనిగర్ కొద్దికొద్దిగా పోయాలి, ఎక్కువ గిలక్కొడితే చిక్కబడదట. మిరపకాయ బజ్జీలకు భేషుగ్గా కుదిరింది. పునుగులకు మాత్రం అల్లం చట్నీయే.