ఏడాదికోసారి పరుగు చాలదు

ఆరోగ్యం కోసం అంటూ ఏడాదికోసారి పెట్టే రన్‌లకి నేనూ వెళ్తాను, ఆ ఉత్సాహం నాకూ ఇష్టమే, కానీ మర్నాటి నుంచి ఏం చేయాలో అక్కడ ఎవరూ చెప్పరు. పెద్దవాళ్ళకి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి. మరి నలుగురూ కలిసి చేసే కార్యక్రమం కూడా వారం వారం ఉండాలి కదా!

పార్క్‌రన్ అలాంటిదే. 2004లో లండన్‌లోని బుషీ పార్క్‌లో 13 మంది పరుగెత్తారు, అంతే, అలా మొదలై ఇప్పుడు ఎన్నో దేశాల్లో జరుగుతోంది. మామూలుగా ప్రతి శనివారం పొద్దున, 5 కిలోమీటర్లు, ఫీజు లేదు, పరుగెత్తినా సరే నడిచినా సరే. అందులో నాకు బాగా నచ్చింది టెయిల్ వాకర్ అనే వలంటీర్ పని. ఆ మనిషి అందరికంటే వెనక నడుస్తారు, అందరూ గీత దాటాకే తను దాటుతారు, అంటే మీరెంత నెమ్మదిగా నడిచినా ఆఖరు స్థానం మీది కాదు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు, చాలా ఏళ్ళుగా ఒళ్ళు కదల్చనివాళ్ళు ఇలాంటివాటికి రాకపోవడానికి బద్ధకం కారణం కాదండీ, అందరూ వెళ్ళిపోయాక నేనొక్కదాన్నే మిగిలిపోతే ఎలా అన్న టెన్షన్. ఆ భయం పోగొట్టకుండా ఎన్ని పోస్టర్లు అంటించినా, ముందునుంచీ ఫిట్‌గా ఉన్నవాళ్ళే వస్తారు.

కొలంబియా రాజధాని బొగోటాలో ఇంకో పద్ధతి. 1970ల నుంచీ నడుస్తున్న సిక్లోవియాలో ఆదివారాలు, సెలవు రోజుల్లో పొద్దున 7 నుంచి మధ్యాహ్నం 2 దాకా వంద కిలోమీటర్ల పైచిలుకు రోడ్ల మీదికి కార్లూ బైకులూ రానివ్వరు. సైకిలు తొక్కుతారా, స్కేటింగ్ చేస్తారా, పిల్లల్ని నడిపించుకుంటూ వెళ్తారా, మీ ఇష్టం. పేరు నమోదు చేసుకోనక్కర్లేదు, ఎవరితోనూ పోటీ పడక్కర్లేదు.

బహుమతుల సంగతి కూడా చెప్పాలి. పిల్లలకి సరదాగా ఇస్తే ఇవ్వండి, పెద్దవాళ్ళకి మాత్రం ప్రైజు కంటే "పోయిన వారం రాలేదేం, ఒంట్లో బాగుందా?" అని అడిగే మనిషి ఉండటం ముఖ్యమని నేను గట్టిగా నమ్ముతాను, ఎందుకంటే అలా అడిగేవాళ్ళున్న చోటికి మళ్ళీ వెళ్ళాలనిపిస్తుంది.

కాబట్టి మీ కాలనీలోనో ఆఫీసులోనో ఇలాంటిది పెట్టాలనుకుంటే చోటూ టైమూ మార్చకండి, పదిమందే వచ్చినా రద్దు చేయకండి. మంచినీళ్ళు, బాత్రూమ్, మధ్యలో కూర్చోవడానికి రెండు బెంచీలు చూసుకోండి. నడవొచ్చు అని పోస్టర్ మీద పెద్దక్షరాల్లో రాయండి. వెనక నడిచే మనిషి దొరక్కపోతే నన్ను పిలవండి, సంతోషంగా వస్తాను.