సిల్వియా కోసం రెండు రాత్రులు

శివరాత్రికి ఊరంతా గుడి దగ్గర జాగారం చేస్తుంటే నేను కదిరి దగ్గర మా అత్తగారి ఊళ్లో మిద్దెక్కి, ఎనిమిదంగుళాల అద్దమున్న డాబ్సోనియన్ రకం టెలిస్కోపు ముందు కూర్చున్నాను. తెల్లారబోయే దాకా చంద్రుడు రాడు. నాకు కావలసిందీ అదే.

వెతుకుతున్నది 87 సిల్వియాని. కుజుడికీ గురుడికీ మధ్య తిరిగే గ్రహశకలం. 1866 మే 16న మద్రాసు అబ్జర్వేటరీలో నార్మన్ పాగ్సన్ అనే ఖగోళ శాస్త్రవేత్త కనిపెట్టాడు. నేను కూర్చున్న ఊరు కూడా అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోదే.

సిల్వియా కాంతి పరిమాణం దాదాపు 12. ఈ అంకె పెరిగేకొద్దీ చుక్క మసకబారుతుంది. మామూలు కంటికి ఆనే ఆఖరి చుక్క 6 అనుకుంటే, ఇది దానికంటే 250 రెట్లు మసక. తమాషా ఏమిటంటే, ఐదు అంకెల తేడా అంటే వెలుగులో వంద రెట్ల తేడా అనే ఈ లెక్క స్థిరపరిచిందీ 1856లో ఆ పాగ్సనే.

మొదటి గంట వృథా. డాబ్సోనియన్‌లో ఆకాశం తలకిందులుగా కనిపిస్తుందని తెలిసి కూడా, ప్రింటు తీసుకున్న పటాన్ని నిటారుగానే పట్టుకున్నాను. పటం తిప్పాక సింహరాశి చుక్కలు ఒక్కొక్కటే కుదిరాయి. పది మిల్లీమీటర్ల ఐపీస్ (కన్ను ఆనించి చూసే కటకం) పెట్టి, టార్చికి ఎర్ర కాగితం చుట్టి, కనిపించిన తొమ్మిది చుక్కలూ నోటుబుక్కులో దించాను. అందులో ఒకటి ఓరకంట చూస్తేనే ఉంటుంది, సూటిగా చూస్తే మాయమవుతుంది. అదేనా? ఒక్క రాత్రితో తేలదు. ఫోటోలు లేని కాలంలో పాగ్సన్ పనీ ఇదే. పటంలో లేని చుక్క కనిపిస్తే, అది కదిలే దాకా కాచుకోవాలి.

మర్నాడు అమావాస్య. ఎనిమిది చుక్కలు ఎక్కడివక్కడే ఉన్నాయి. తొమ్మిదోది చంద్రబింబం వెడల్పులో మూడోవంతు పడమరకు జరిగింది! చలికి కాళ్లు బిగుసుకుపోయినా కిందికి దిగబుద్ధి కాలేదు.

ఆ మసక చుక్క సుమారు 270 కిలోమీటర్ల రాయి. గుండ్రంగా కాక సాగినట్టుంటుంది, బొగ్గులా నలుపు, 5 గంటల 11 నిమిషాలకోసారి తన చుట్టూ తాను తిరుగుతుంది. దానికి రెండు చందమామలున్నాయి. రోములస్‌ను 2001లో హవాయిలోని కెక్ టెలిస్కోపుతో పట్టుకున్నారు, రెమస్ సంగతి 2005లో బయటపడింది. అప్పటికి ఒకే గ్రహశకలానికి రెండు చందమామలు కనిపించడం అదే మొదటిసారి. నాకు అన్నిటికంటే నచ్చింది వీటితో చేసిన తూకం. చందమామ ఎంత దూరంలో, ఎన్నాళ్లకోసారి చుట్టివస్తుందో తెలిస్తే సిల్వియా బరువు తేలిపోతుంది. ఆ బరువుని ఘనపరిమాణంతో భాగిస్తే సాంద్రత నీటికంటే కొంచెమే ఎక్కువ వచ్చింది. గట్టి బండ అయితే అంత తేలిగ్గా ఉండదు. లోపల ఖాళీలు చాలానే ఉండాలి.

బావమరిదిని పిలిచి చూపించాను. చాలాసేపు ఐపీస్‌కి కన్ను ఆనించి చూశాడు.

"ఇంతేనా బావా? దీనికోసమేనా నిన్న ప్రసాదానికి కూడా రాలేదు?"