పదహారుకి పైన నాకు తెలీదు అని చెప్పే గేజ్

నాది ఆర్‌వీ-7 అనే చిన్న విమానం. దానికి రెక్కకో ట్యాంకు, ఒక్కోదాంట్లో 21 గ్యాలన్లు పడుతుంది, అంటే దాదాపు 80 లీటర్లు. ఫ్యూయల్ గేజ్ కొనకుండా నేనే చేసుకుందామని కూర్చున్నప్పుడు ఒక వారాంతం పని అనుకున్నా. ఒక ఆర్డుయినో (మనం కోడ్ రాసి నడిపించే చిన్న సర్క్యూట్ బోర్డు), అరచేతిలో పట్టే తెర, రెండు రెసిస్టర్లు. సర్క్యూట్ నిజంగానే ఒక్క శనివారంలో అయిపోయింది, మిగతాదానికి రెండు నెలలు పట్టింది.

ట్యాంకులో ఉండేది మామూలు ఫ్లోట్ సెండర్, అంటే ఇంధనం మీద తేలే ఫ్లోట్ పైకీ కిందకీ కదిలితే దాని రెసిస్టెన్స్ మారుతుంది, గేజ్ ఆ మార్పునే చదువుతుంది. ఖాళీగా ఉంటే 240 ఓమ్‌లు, ఫ్లోట్ పైకి వెళ్తే 33. కెపాసిటెన్స్ రకం కూడా ఉంది, అందులో కదిలే భాగాలుండవు, కానీ ఇథనాల్ కలిసిన పెట్రోలు పోస్తే దాని లెక్క తప్పుతుంది. అందుకే ఫ్లోట్‌తోనే సరిపెట్టుకున్నా.

ఇక్కడో చిక్కుంది. సెండర్ వైరు తెగితే ఓమ్‌లు అనంతం, గేజ్ ఖాళీ అంటుంది, మనం భయపడి దిగిపోతాం, మంచిదే. అదే వైరు ఒరుసుకుని బాడీకి తగిలితే సున్నా ఓమ్‌లు, అప్పుడు గేజ్ ఫుల్ అంటుంది! నాకు ఇది రాత్రి పడుకున్నాక తట్టింది, లేచి కోడ్ మార్చా: 20 ఓమ్‌ల కంటే తగ్గితే అంకె బదులు గీతలు.

అసలు తంటా క్యాలిబ్రేషన్‌లో, అంటే ఏ రీడింగ్‌కి ఎన్ని గ్యాలన్లో లెక్క కట్టుకోవడంలో. హ్యాంగర్‌లో రెండేసి గ్యాలన్లు పోస్తూ, ప్రతిసారీ రీడింగ్ రాసుకుంటూ ఎడమ ట్యాంకు నింపా. 16 దాటాక అంకె కదలడం మానేసింది. సెండర్ పాడైందేమోనని ఒక పూట టెన్షన్ పడ్డాక తెలిసిందేంటంటే, రెక్క చివర పైకి లేచి ఉంటుంది కదా, సెండరేమో మొదట్లో ఉంది, అక్కడ ఫ్లోట్ పైకప్పుకి తగిలిపోయాక కూడా అటు చివర ఇంకా నిండుతూనే ఉంటుంది. పైన ఐదు గ్యాలన్లు దానికి కనపడవు. ఏదో ఒక అంకె చూపించి మోసం చేయడమెందుకని 16+ అనే పెట్టా. మా ఆవిడ చూసి, "అయితే ఎంతుందో మీకే తెలీదన్నమాట" అంది. చెక్క పుల్లకి గీతలు పెట్టుకుని, ఎగిరేముందు ట్యాంకులో ముంచి చూస్తానని చెప్పా. పాత పైపర్ కబ్ అనే చిన్న విమానంలో గేజంటే కార్కు మీద నిలబెట్టిన తీగ ముక్కే, మూతలోంచి అద్దం ముందుకి కనిపిస్తుంది, అది ఎంత పొట్టిగా కనిపిస్తే అంత తక్కువున్నట్టు. మా నాన్న తన చేతక్ స్కూటర్‌ని పక్కకి వంచి ఊపి చూసేవాడు, ఆ పద్ధతి మాత్రం దీనికి పనికిరాదు.

ఇదంతా అయ్యాక బరువు తూచడానికి తోక ఎత్తి విమానాన్ని లెవెల్‌లో నిలబెట్టాం. చుక్క తియ్యలేదు, చుక్క పొయ్యలేదు, గేజ్ 3 గ్యాలన్లు మారింది. తోకచక్రం విమానం కదా, నేల మీద ముక్కు పైకెత్తి కూర్చుంటుంది, ఇంధనమంతా వెనక్కి చేరుతుంది. నేను రాసుకున్న టేబుల్ మొత్తం ఆ భంగిమలోది, గాల్లో పనికిరాదు. మళ్లీ ట్యాంకు ఖాళీ చేసి, తోకని బల్ల మీదికి ఎక్కించి, మొదటి నుంచీ.

కుడి ట్యాంకుకి అదే టేబుల్ వాడేద్దామని చూశా, ఒక గ్యాలన్ తేడా వచ్చింది. రెండు ఫ్లోట్ తీగలూ వంచింది నేనే, రెండూ ఒకేలా వంగలేదు. వచ్చే శనివారం మళ్లీ డబ్బాలు మోయాలి.