పెద్దోడి పెట్టె

“అమ్మా, సీసా మార్చేశాను, ఎవరికీ డౌట్ రాదు” అన్నాడు మా పిల్లల హోమ్‌లో పెద్దోడు, పెట్టె సర్దుకుంటూ. రేపటి నుంచి పాలిటెక్నిక్ హాస్టల్. ఏఆర్‌టీ సెంటర్‌లో ఇచ్చిన హెచ్‌ఐవీ మాత్రలన్నీ విటమిన్ సీసాలో పోసేసుకున్నాడు. తేమ తగలకుండా ఉండే ఆ చిన్న పొట్లం కూడా మర్చిపోకుండా వేసుకున్నాడు, గడుసోడు.

ఎవరికీ చెప్పాల్సిన పని లేదు, హెచ్‌ఐవీ ఉందని సీటు కాదనడానికీ వీల్లేదు. 2017లో చట్టమే వచ్చింది. కానీ పక్క మంచం కుర్రాడికి చట్టం తెలియాలిగా! అయిదో క్లాసులో వీణ్ణి విడిగా కూర్చోబెట్టిన టీచరుకే తెలియలేదు.

ఒకప్పుడు చేదు సిరప్ తాగించాలంటే బెల్లం ముక్క పట్టుకుని హోమ్ అంతా వెంటపడేదాన్ని. ఇప్పుడు రోజుకి ఒక్క మాత్ర. రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే మొన్నటి వైరల్ లోడ్ రిపోర్టులో ‘నాట్ డిటెక్టెడ్’. అయినా మాత్ర ఆపితే వైరస్ మళ్ళీ లేస్తుందని చిన్నపిల్లలకి వీడే క్లాసు పీకుతాడు. అలాంటివాడి గురించి నాకెందుకో ఇంత టెన్షన్.

రాత్రి ప్రార్థనలో మా చిన్నది గట్టిగా, “ప్రభువా, అన్నకి హాస్టల్లో రోజూ సాంబారే పెట్టకుండా చూడు” అంది. ఇంకెక్కడి ఆమేన్, అందరం పడీపడీ నవ్వాం.

మందులకి మళ్ళీ వస్తాడుగా, ఆ రోజు కోడికూర వండాలి.